శాంతి సైన్యంలో మోటర్ వైండింగ్

కాలిపోయిన నీళ్ల మోటర్ గాడుల్లోకి ఓదెలు చేతులు రాగి తీగను చుట్టు తర్వాత చుట్టుగా దించుతున్నాయి. కరీంనగర్ వైండింగ్ దుకాణంలో పని నేర్చి సైన్యంలో చేరిన అతణ్ణి ప్రపంచశాంతిని కాపాడమని ఆఫ్రికాకు పంపారు. ఆ శాంతి ప్రస్తుతం ఈ మోటర్ దగ్గర ఆగింది. కొత్త మోటర్ కోసం పెట్టిన అర్జీ రెండు ఖండాలు తిరిగి, ఏ రంగుది కావాలన్న ప్రశ్నతో వెనక్కి వచ్చింది. క్యాంపు గేటు బయట ఊరి ఆడవాళ్లు డబ్బాలతో కూర్చున్నారు. ఇవాళ నీళ్లు రాకపోతే తుపాకులు పేలే ఏటి ఒడ్డుకే పోవాలి.

తుపాకీ పట్టుకున్న ఫొటోలు తప్ప పానా పట్టుకున్నది ఒక్కటీ ఇంటికి పంపని ఓదెలు, భార్య రజిత వీడియో కాల్ ఎత్తి నాలుక కరుచుకున్నాడు.

“తుపాకి ఏడున్నదయ్యా? చేతుల గా తీగేంది?”

“మోటర్ కాలింది.”

“మనింట్ల మోటర్ కాలి వారమాయె. వైండింగ్ చేసెటోడు దొర్కుతలేడని ఊరంత తిరుగుతున్న. నువ్వు గాడ దాక్కున్నవా!”

“నీళ్లు రాకుంటే వీళ్లు ఏటికి పోతరే. ఆడ కాల్చి సంపుతుండ్రు.”

రజిత ఎగతాళి ఆగింది. “అయితే ముచ్చట బంద్ చేసి చుట్టు. నేను బోరింగు కాడ తెచ్చుకుంట.”

సాయంత్రం తీగకు పూసిన వార్నిష్ ఆరి మోటర్ తిరిగింది. కెప్టెన్ ఫొటోకు టోపీ సర్దుకున్నాడు. కానీ ఓదెలు నేర్చుకున్న దుకాణంలో, అదురు లేదని తెలిసేలా తిరిగే మోటర్‌పై దాన్ని తీసుకుపోయే గిరాకీ చేత చెయ్యి పెట్టించనిదే అప్పగించరు. అతను గేటు బయటి వరుసలో ముందున్న ముసలామెను లోపలికి పిలిచి, ఆమె అరచేతిని మోటర్‌కు ఆనించాడు. ఆమె కాసేపు చూసి తల ఊపి, డబ్బా పైపు కింద పెట్టింది.