కమోడు తిప్పిన మేస్త్రి

నా మోకాళ్లు వంగుతలేవని మా వనపర్తి ఇంట్ల కమోడు పెట్టించిన. తూర్పు మొకం కూసుంటే అరిష్టమని మేస్త్రి దాన్ని పక్కకు జరిపి ఉత్తరం తిప్పిండు. కాంక్రీటులోని గొట్టం మాత్రం ఉన్న కాడ్నే ఉండె. కమోడును గొట్టానికి కలిపే ఫ్లాంజి దానికి సగమే అందితే, సందుకు సిమెంటు పూసిండు.

మనుమరాలిని తొలి కాన్పుకు పంపమని అడిగేందుకు దాని అత్తను భోజనానికి పిలిచిన. ఆమె బాత్రూంలకు పోయి కూసోంగనే కమోడు ఒరిగింది. "సచ్చిన్రో!" అని కేక. మురికినీళ్లు వంటింటి దాక వచ్చినయి.

"గిసొంటి ఇంట్ల మా కోడలికి కాన్పా? పంపను" అని తడిచీరతోనే ఎల్లిపోయింది.

మేస్త్రిని పిలిపిస్తే, "దిక్కు మంచిదే గదమ్మా" అన్నడు.

"నీ దిక్కు పాడుగాను! ముందు నీళ్లెత్తు" అన్న. వాడితోనే నేల పగలగొట్టించి, ఫ్లాంజిని గొట్టం మీద సరిగ్గ బిగింపజేసిన.

మునిమనుమడు మనుమరాలి అత్తింట్లనే పుట్టిండు. ఆ మేస్త్రి ఇప్పటికీ బజార్ల కనిపిస్తే దండం పెడతడు. నేను మొకం తిప్పుకొని పోత.