విమానం కింద నిమ్మకాయ

చక్రం ఉన్న ఏ వస్తువునూ మా అత్త మాలకొండమ్మ ఊరికే నమ్మేది కాదు. కింద నిమ్మకాయ నలిగితేనే అది మంచి దారిన పోతుందని ఆమె లెక్క. ఎడ్లబండికి నిమ్మకాయ, ఊళ్ళోకి మొదటిసారి వచ్చిన బస్సుకు నిమ్మకాయ, మా మరిది కొన్న పాత సైకిలుకు కూడా రెండు నిమ్మకాయలు. నేను కాపురానికి వచ్చిన రోజు బండి కింద పెట్టిన కాయ నలక్కుండా పక్కకు దొర్లిందట. దానికి ఆర్నెల్లు నన్ను సాధించింది. పాలు విరిగినా నేనే, గేదె తన్నినా నేనే.

మాది చిట్టమూరు దగ్గర పల్లె. మామ పోయాక మూడెకరాల మాగాణి అత్తే దగ్గరుండి చేయించేది. అరవై నాలుగులో పైరు పొట్టకొచ్చే వేళకు మొవ్వు పురుగు పడింది. చేతిపంపులతో మందు కొట్టి కొట్టి ఊరంతా చేతులెత్తేసింది. ఆ పంట పోతే పొలం కౌలుకిచ్చి ఇంట్లో కూర్చోవడం తప్ప అత్తకు వేరే దారి లేదు. "కూకుంటే నేను బతకను" అనేది. ఆ మాట బెదిరింపుకు అన్నది కాదని నాకు తెలుసు.

అప్పుడే మద్రాసు నుంచి చిన్న విమానం వచ్చి పైనుంచి మందు చల్లుతుందని ప్రెసిడెంటు పద్మనాభయ్య దండోరా వేయించాడు. చెరువు అవతల చవుడు నేల చదును చేశారు. దొరవారిసత్రం తిమోతిని అక్కడ పనికి పెట్టారు. లారీ క్లీనరుగా చేసి, ఆ పని పోయి తిరుగుతున్న మనిషి. బాగా చేస్తే ఆ విమానం కంపెనీలోనే ఉంచుకుంటామన్నారట. భార్య రెబెక్కమ్మకు నెలలు నిండుతున్నాయి. అతనికి ఆ ఉద్యోగం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఆ విమానాన్ని చేత్తో స్టార్టు చేయాలి. పైలట్ కిందికి దిగి, ముందున్న పంకాను పట్టుకుని ఒక్క ఊపు ఊపాలి. ఆ సమయంలో సీట్లో ఎవరూ ఉండరు. అందుకని విమానం కదలకుండా చక్రాల ముందు చెక్కదిమ్మెలు అడ్డం పెట్టాలి. అది తిమోతి పని. పెట్టాడు, కాలితో తన్ని గట్టిగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు కూడా. తర్వాత మందు కలపడానికి నీళ్ళు తేబోయాడు.

అత్త పసుపూ కుంకుమా కొబ్బరికాయా పట్టుకుని తయారైంది. పైలట్ నవ్వి సరేనన్నాడు. విమానం ముక్కుకు బొట్టు పెట్టి, కాయ కొట్టి, అందరికీ ముక్కలు పంచింది. నీళ్ళ బిందెతో తిరిగొచ్చిన తిమోతి మాత్రం, "మేము తినకూడదమ్మా, ఏమనుకోబాక" అన్నాడు. "ఓహో, పెద్ద పాస్టరు బయల్దేరినాడు" అని మూతి తిప్పుకుంది మా అత్త.

ఇక నిమ్మకాయలు. చక్రాల ముందు దిమ్మెలున్నాయి. దిమ్మెలుంటే నిమ్మకాయ ఎట్లా నలుగుతుంది? జనమంతా కొబ్బరి ముక్కల మీద ఉన్నప్పుడు ఆమె వంగి, రెండు దిమ్మెలూ పక్కకు లాగేసి, వాటి చోట రెండు నిమ్మకాయలు పెట్టింది.

పైలట్ పంకాను ఊపాడు. ఇంజను ఒక్కసారిగా గట్టిగా అందుకుంది. నిమ్మకాయలు రెండూ నలిగాయి, అందులో ఏ లోటూ లేదు! పైలట్ పక్కకు దూకాడు. మనిషి లేని విమానం గంగిరెద్దులా తల ఊపుకుంటూ జనం మీదికి వచ్చింది. ప్రెసిడెంటు పై కండువా వదిలేసి పరిగెత్తడం నేను కళ్ళారా చూశాను. విమానం తిన్నగా పోయి చవుటి గట్టున ఉన్న గడ్డివామిలో ముక్కు దూర్చింది. ఆ వామి ఎవరిదనుకున్నారు? మాదే. పంకా గడ్డిని ఆకాశానికి ఎగజల్లి, లోపలి గుంజకు తగిలి విరిగి ఆగిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. పైలట్ మొహం మాత్రం పాలిపోయింది.

"దిమ్మెలు పెట్టావా లేదా?" అని తిమోతిని అడిగాడు.

"పెట్టినా సార్. దేవుడి తోడు."

"పెడితే ఎట్లా కదిలింది?"

"ఈణ్ణి పంపించెయ్యండి సార్. లారీ మీద పనీ ఇట్టా చేసే పోగొట్టుకొని ఉంటాడు" అన్నాడు పద్మనాభయ్య, కండువా వెతుక్కుంటూ.

నేను అత్త వైపు చూశాను. కూరలో ఉప్పు తనే ఎక్కువ వేసినా ఒప్పుకునే మనిషి కాదు. ఇప్పుడు నోరు విప్పుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"ఆయబ్బిని ఏమనబాకండి. పెట్టినాడు. నేనే తీసినా" అంది గట్టిగా.

"ఎందుకమ్మా?" అన్నాడు పైలట్.

"నిమ్మకాయ నలగొద్దా?"

పైలట్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పద్మనాభయ్యకు ఆ ఇబ్బంది లేదు. "అట్టయితే నీ మూడెకరాలకీ మందు లేదు, పో" అన్నాడు.

అత్త ఇంటికి వచ్చింది. అన్నం ముట్టలేదు. గేదె నిజంగానే పాలబిందె తన్నేసినా నన్ను ఒక్క మాట అనలేదు. సాధించే అత్తతో ఎట్లాగో వేగొచ్చు గాని, సాధించని అత్తను చూస్తే నాకు ఏడుపొచ్చింది.

రెండు రోజులకు మద్రాసు నుంచి మెకానిక్ కొత్త పంకా పట్టుకొచ్చి బిగించాడు. మాలకొండమ్మ పొలం వదిలేయాలని ప్రెసిడెంటు గుర్తు చేశాడు.

"పైనుంచి చూస్తే ఎవరి గట్టు ఎవరిదో నాకేం తెలుస్తుందండీ?" అన్నాడు పైలట్, నవ్వకుండా. ఈసారి అతను సీట్లోనే కూర్చున్నాడు. పంకా ఊపే పని మెకానిక్‌ది.

అత్త దూరంగా నిలబడింది. అలవాటు చావక కొంగున రెండు నిమ్మకాయలు కట్టుకొచ్చింది గాని, అడుగు ముందుకు వేయలేదు. తిమోతి దిమ్మెలు పెట్టి, వాటికి తాళ్ళు కట్టి, తిన్నగా ఆమె దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"ఇయ్యమ్మా."

"నువ్వు ఇట్టాంటివి చేయకూడదు గదరా అబ్బయ్యా?"

అతను చాపిన చెయ్యి తీయలేదు. ఆమె ఇచ్చింది. కొబ్బరి ముక్క తినని మనిషి, అందరూ చూస్తుండగా ఆ దిమ్మెలకు అవతల నిమ్మకాయలు పెట్టివచ్చాడు. ఇంజను అందుకుంది. తిమోతి తాళ్ళు లాగాడు. విమానం నిమ్మకాయలు నలుపుకుంటూ పోయి పైకి లేచి, అందరి పొలాల మీదా, మా మూడెకరాల మీదా తెల్లగా మందు చల్లింది. అత్త కళ్ళు తుడుచుకుంటూ, మందు కళ్ళలో పడిందంది. మందు పడేంత దగ్గర్లో మేము లేము.

తిమోతి తాళ్ళు చుట్టుకుంటూ వచ్చి, "ఇది పాస్టరుగారి చెవిన పడితే సంఘంలో నిలబెట్టి అడుగుతారమ్మా. అప్పుడు నువ్వొచ్చి నా తరపున చెప్పాల" అన్నాడు.

"చెప్తాలేరా. ఒకసారి చెప్పినదాన్ని, రెండోసారి చెప్పలేనా?" అంది అత్త.