ఫిరంగి తాత దగ్గర మా అక్క మొక్కు

మా అక్క సమ్లీతో కలిసి ఎక్కడికైనా బయలుదేరాలంటే నాకు ముందురోజు నుంచే తలనొప్పి మొదలవుతుంది. పెళ్ళికి వెళ్ళినా, ఆసుపత్రికి వెళ్ళినా, దారిలో కనిపించిన ప్రతి గుడి దగ్గరా బండి ఆపాలి. ఆపకపోతే నడుస్తున్న బండి తలుపు తీసేస్తుంది. అలాంటి మనిషిని మొగుడితో, కొడుకుతో సహా నా పికప్‌లో ఎక్కించుకుని, ఏప్రిల్ ఎండలో, నది మలుపులో ఉన్న పాత సైనిక కోటకు తీసుకెళ్ళాల్సి వచ్చింది. అదంతా ఆవిడ చేసిన తెలివితక్కువ పని పుణ్యమే.

అక్క కొడుకు జుక్‌కి ఇరవై ఒకటి నిండాయి. ఆ వయసు మగపిల్లలంతా ఏప్రిల్‌లో ఒకచోట చేరి, పెట్టెలో చెయ్యి పెట్టి చీటీ తీయాలి. నల్ల చీటీ వస్తే ఇంటికి రావచ్చు. ఎర్ర చీటీ వస్తే రెండేళ్ళు సైన్యంలో ఉండాలి. నల్ల చీటీ కోసం మొక్కుకోని తల్లి మా ప్రప్రడేంగ్‌లో ఉండదు, దానికి నేను ఎవరినీ తప్పు పట్టను. కానీ మా అక్క వెళ్ళి ఎవరికి మొక్కుకుంది? కోటలో ఉన్న ఫిరంగి తాతకు!

తాతంటే మనిషి కాదు, పాతకాలం నాటి ఫిరంగి. ఒంటినిండా బంగారు రేకులు అంటించుకుని, మూతికి రంగురంగుల గుడ్డలు కట్టించుకుని, కోట నేలమాళిగలో పడుకుని ఉంటాడాయన. పిల్లలు పుట్టాలన్నా, ఓడ మీద ఉద్యోగం రావాలన్నా జనం ఆయన దగ్గరికి వెళ్తారు. సైన్యం తప్పించమని మాత్రం ఎవరూ అడగరు. ఆయనే సైనికుడు. అలా అడిగిన తల్లుల కొడుకులకు ఏరికోరి ఎర్ర చీటీ ఇస్తాడని మా సంతలో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఈ సంగతి అక్కకు చీటీల రోజుకు సరిగ్గా ఒక్కరోజు ముందు తెలిసింది. సంతలో పక్క కొట్టామె చెప్పిందట. నేను రేవు దగ్గర అరటిపళ్ళు వేయించి అమ్ముతుంటే జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చింది.

"నీకు బుర్రుందా అక్కా?" అన్నాను. "మా ఆయన చేత తాగుడు మాన్పించు బాబూ అని సారా కొట్టువాణ్ణి అడుగుతారా ఎవరైనా?"

"అన్ని గుళ్ళూ తిరిగానే నువాన్. అన్నిచోట్లా జనమే. నా మాట వినపడదేమోనని భయమేసింది. తాత దగ్గరైతే ఒక్కరు కూడా లేరు."

"ఆ పని మీద ఎవరూ వెళ్ళరు కాబట్టే లేరు!"

"అందుకే ఇవాళ వెళ్ళి వెనక్కి తీసుకోవాలి. నువ్వు బండి తియ్యి."

నెత్తీ నోరూ కొట్టుకుని పొయ్యి ఆర్పేశాను. ఆ పూట వ్యాపారం అంతటితో సరి.

ఆవిడ గురించి ఇంకో మాట చెప్పాలి, లేకపోతే పిచ్చిదనుకుంటారు. అక్క సంతలో ఆవిరి మీద ఉడికించిన చేపలు అమ్ముతుంది. వెదురు బుట్టలో ఇమిడేలా చేప మెడ విరిచి సర్దడంలో ఆవిడ చేతికి తిరుగులేదు. జుక్‌ని కూడా అలాగే పెంచింది. వాడు పుట్టడానికి ఒక మొక్కు, నడవడానికి ఒకటి. ఏ బడిలో చేరాలో గుళ్ళో జోస్యం చెప్పే పుల్లల డబ్బా ఊపి తేల్చింది. పడవల షెడ్డులో ఉద్యోగం ఆవిడ మొక్కు వల్లే వచ్చిందంటుంది. వాడు ఇష్టపడ్డ పిల్ల శనివారం పుట్టిందని తెలిసి ఆ సంబంధం చెడిపోవాలని కూడా మొక్కుకుంది, చెడిపోయింది. ఒక్కోసారి ఆవిడ నోరు నొక్కేయాలనిపిస్తుంది నాకు.

కానీ నొక్కలేను. మా అన్న సమ్రువై కూడా ఇలాగే చీటీ తీశాడు. అక్కకు అప్పుడు పదిహేనేళ్ళు, నాకు తొమ్మిది. ఎర్ర చీటీ వచ్చింది. సరిహద్దు అడవిలో జ్వరం తగిలి పోయాడు, పెట్టెలో తెచ్చి ఇచ్చారు. ఆ రోజు అక్క అమ్మను ఒకటే అడిగింది, "మనం ఎవరికీ మొక్కుకోలేదా?" అని. లేదంది అమ్మ. అప్పటినుంచి ఈవిడ ఆపలేదు.

సరే, బయలుదేరాం. నా పక్కన అక్క, ఒళ్ళో ముప్పై ఉడికించిన గుడ్ల బుట్ట. తాతకు మొక్కు చెల్లించేది గుడ్లతోనే. మొక్కు వెనక్కి తీసుకోవడానికి వెళ్ళినా వట్టి చేతులతో వెళ్ళకూడదట. వెనక తొట్టిలో బావ తవిన్, జుక్. బావ రేవులో పడవ నడుపుతాడు. నీళ్ళ మీద లేనప్పుడు నిద్రపోతూ ఉంటాడు. జుక్ దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. చీటీల భయం అనుకున్నాను.

కోట గేటు దగ్గర కాపలా ఉన్న నేవీ నావికుడు గుర్తింపు కార్డులు అడిగాడు. ఆవిడ ముప్పై గుడ్లు లెక్కపెట్టి తెచ్చింది, అగరొత్తులు తెచ్చింది, పూలదండ తెచ్చింది, కార్డు మాత్రం ఇంట్లో మర్చిపోయింది. ఆ కుర్రాణ్ణి బతిమాలి, నా కార్డు రెండుసార్లు చూపించి లోపలికి వెళ్ళేసరికి నా ప్రాణం పోయింది. ఈలోగా అక్క వాణ్ణి పలకరించింది.

"పాపం, నీకూ ఎర్ర చీటీ వచ్చిందా నాయనా?"

"లేదు పెద్దమ్మా, నా అంతట నేనే చేరాను."

అక్క వాణ్ణి జబ్బుచేసిన వాణ్ణి చూసినట్టు చూసింది.

నేను వెనక్కి తిరిగి చూద్దును కదా, బావ చెట్టు నీడలో కూర్చుని గుడ్డు వలుచుకుంటున్నాడు.

"బావా! అవి తాతకి!"

"ఆకలేసింది మరదలా. ముసలాయనకి ఇరవై తొమ్మిది చాలవా ఏంటి?"

అక్క ఏడుపు మొదలెట్టింది. ఒక గుడ్డు తగ్గితే ఏమౌతుందో, ఇంకోటి తీసేసి సరిసంఖ్య చెయ్యాలో, గుడ్డు బదులు అరటిపండు పెట్టొచ్చో, ఇదీ గొడవ. నాకు ఒళ్ళు మండిపోయి వాళ్ళను వదిలేసి ముందుకు నడిచాను. తెల్లసున్నం గోడలు ఎండకు కళ్ళు పొడుస్తున్నాయి. ఫిరంగి గుంటల పక్కన జనం చాపలు పరిచి కాల్చిన కోడి, జిగురన్నం తింటున్నారు. మేమూ అలా రావచ్చు కదా ఒక్కసారైనా! నాకు గుర్తున్నంతవరకూ మా కుటుంబం ఏ చోటికీ ఊరికే వెళ్ళలేదు.

నేలమాళిగ మెట్ల దగ్గర ఫాన్ మామ కూర్చుని ఉన్నాడు. ఆయన కోటలో వంటవాడుగా చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు తాత బాగోగులు చూస్తాడు. ఈలోగా వాళ్ళూ వెనకే వచ్చారు. మమ్మల్ని చూడగానే నవ్వాడు. మా అక్కను చూసి కాదు, జుక్‌ని చూసి.

"ఏం అబ్బాయ్, మళ్ళీ వచ్చావే! చీటీలు రేపు కదా?"

అక్క మొహం వెలిగిపోయింది. "చూశావా నువాన్! నా కొడుకు చెప్పకుండా తనే వచ్చి మొక్కుకున్నాడు. ఎన్ని గుడ్లు అనుకున్నావురా?"

జుక్ నేలచూపులు చూశాడు. ఫాన్ మామే చెప్పాడు పాపం, ఆయనకేం తెలుసు? "రెండొందలు! ఎర్ర చీటీ వస్తే రెండొందలు పెడతానన్నాడు. ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలెక్కడున్నారమ్మా? నీ కడుపు చల్లగా."

బావ కూడా నిద్ర మొహం వదిలేశాడు. అక్క జుక్ చొక్కా పట్టుకుని నది వైపు గోడ దాకా లాక్కెళ్ళింది. వెనకే మేం.

"ఎర్ర చీటీయా? నువ్వా? మీ మామయ్యని చూశావా, పెట్టెలో ఎలా వచ్చాడో?"

"నేనెలా చూస్తానమ్మా, నేను పుట్టనే లేదు."

"నోర్ముయ్! వెళ్ళాలనుంటే నాతో చెప్పొచ్చు కదా?"

"చెప్తే? నేనే చేరతానంటే చచ్చిపోతానంటావు. చీటీ వస్తే ఆ చీటీని తిట్టుకుని ఏడ్చి ఊరుకుంటావని." వాడి గొంతు పెరిగింది. "నా బతుకులో నువ్వు మొక్కుకోకుండా జరిగింది ఒక్కటి చెప్పు. బడి నీది, పని నీది. ఆ పిల్ల పోవడమూ నీదే. నా చేత్తో నేను చేసింది ఏదన్నా ఉందా?"

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఒకే ఫిరంగి, ఒకే కొడుకు, ఒకడు ఎరుపంటాడు, ఒకావిడ నలుపంటుంది. ఆ ముసలాయన మాత్రం ఏం చేస్తాడు?

"ఇద్దరూ వెనక్కి తీసుకోండి," అన్నాను గట్టిగా. "వాడి చెయ్యి, వాడి చీటీ. ఏది వస్తే అది. వచ్చాక ఇంకొకళ్ళు కిక్కురుమనకూడదు."

అక్క నది వైపు చూస్తూ నిలబడింది. ఓడ ఒకటి సముద్రం వైపు పోతోంది, అది మలుపు తిరిగేదాకా చూసింది. "వాడు ముందు," అంది.

అడిగిన నోటితోనే, పైకి వినపడేలా వద్దని చెప్పాలన్నాడు ఫాన్ మామ. ఒక్కొక్కరే దిగాలన్నాడు. జుక్ దిగాడు. "తాతా, ఎర్ర చీటీ అడిగాను. వెనక్కి తీసుకుంటున్నాను," అని గబగబా చెప్పి పైకొచ్చి, అక్కడ నిలబడకుండా గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు. తర్వాత అక్క దిగింది. ఆవిడ చెప్పులు, సంచీ పట్టుకుని నేను పై మెట్టు మీద ఉన్నాను. ప్రతి మాటా విన్నాను.

"తాతా, నేను సమ్లీని. నల్ల చీటీ అడిగాను. ఇంక వద్దు. ఎర్రది ఇవ్వమని మాత్రం అనను, నా నోట రాదు. నువ్వు కలగజేసుకోకు, అంతే."

గుడ్లు తాతకు పెట్టలేదు. పెడితే మళ్ళీ ఏదో అడిగినట్టవుతుందని గేటు దగ్గరి నావికుల చేతిలో పెట్టింది. తిరుగు దారిలో ఒక్క గుడి దగ్గర కూడా బండి ఆపమనలేదు. నాకు భయమేసింది.

మర్నాడు బడి ఆవరణలో చొక్కాల్లేకుండా, చేతి మీద నంబర్లు రాయించుకుని పిల్లలు వరసగా కూర్చున్నారు. కంచె ఇవతల తల్లులు. నల్ల చీటీ తీసినవాడు ఎగిరి గంతేస్తాడు, ఇవతల వాడి తల్లి సొమ్మసిల్లుతుంది, మందునూనె వాసన చూపించి లేపుతారు. జుక్ వంతు వచ్చింది. చెయ్యి పెట్టాడు, తీశాడు. అధికారి చీటీ పైకెత్తి చూపించాడు.

నలుపు.

వాడు గంతేయలేదు. చొక్కా తొడుక్కుని కంచె దగ్గరికి వచ్చి అక్క మొహంలోకి చూశాడు.

"గెలిచావుగా. వెళ్ళి గుడ్లు ఉడకబెట్టుకో."

"నేను అడగలేదురా! ఒట్టు. మీ పిన్ని విన్నది, అడుగు."

"విన్నాను రా జుక్," అన్నాను. "వద్దని చెప్పింది. నా చెవులారా విన్నాను."

"నువ్వు ఆవిడ చెల్లెలివి పిన్నీ." అంతే. స్నేహితుడి ఇంటికి వెళ్ళిపోయాడు, రోజులు గడిచినా ఇంటి మొహం చూడలేదు.

నిజం చెప్తున్నాను, మా అక్కను జీవితమంతా విసుక్కున్నాను గానీ ఆ రోజుల్లో విసుక్కున్నట్టు ఎప్పుడూ లేదు. సంతలో ప్రతివాళ్ళూ అడిగేవాళ్ళే, "తాత నల్ల చీటీ ఇచ్చాడుగా, మొక్కు ఎప్పుడు తీరుస్తావు? ఊరుకోడు సుమా ఆయన." మొక్కు ఎగ్గొట్టినవాళ్ళ ఇళ్ళల్లో ఏమేం జరిగాయో కథలు కథలుగా చెప్పేవాళ్ళు. అక్క చేపల మెడలు విరుస్తూ, "నేనేం అడగలేదు, ఏం పెట్టను," అనేది.

అయిదో రోజున బావ పడవ ఇంజను నది మధ్యలో ఆగిపోయింది. సంత మొత్తం మా అక్క వైపు చూసింది.

"పోనీలే అక్కా," అన్నాను, "ఓ ముప్పై గుడ్లు పెట్టేసి వద్దాం. పీడా పోతుంది. నేనే తీసుకెళ్తాను."

"ఒక్క గుడ్డు పెట్టినా అడిగినట్టే. వాడు అదే అనుకుంటాడు."

"తాతకి కోపం వస్తేనో?"

"రానీ." ఆ మాట అని తనే ఉలిక్కిపడింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం గాలివాన వచ్చింది. కొట్టు పైరేకు ఒకటి ఊడి ఎగిరి వెళ్ళి కాలవలో పడింది. చేపల బుట్టలన్నీ తడిసిపోయాయి. అక్క గుంజ పట్టుకుని, పెదాలు బిగించి నిలబడింది. దణ్ణం పెట్టుకోకుండా ఉండటానికే ఆ గుంజను పట్టుకుందని నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది.

వానలోనే జుక్ వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. కాలవలో దిగి రేకు తెచ్చాడు, పైకెక్కి తాళ్ళతో కట్టాడు. కిందికి దిగి, నీళ్ళోడుతూ అక్క ముందు నిలబడ్డాడు.

"నిజంగానే కోటకి వెళ్ళలేదా?"

"వెళ్ళలేదు."

"ఇంజను పాడైనా? ఇది ఎగిరిపోయినా?"

"ఇల్లు ఎగిరిపోయినా వెళ్ళను."

వాడు కాసేపు వాన చూశాడు. "అయితే ఆ చీటీ నేనే తీశానన్నమాట."

"నువ్వే తీశావు."

తడి చొక్కా పిండుకుంటూ అన్నాడు, "అమ్మా, నేవీలో చేరడానికి దరఖాస్తు పెడుతున్నాను. చీటీతో పని లేదు, నేనే చేరతాను. నువ్వు దేనికీ మొక్కుకోకూడదు."

అక్క చచ్చిపోతానంటుందని, కాలవలో దూకుతానంటుందని చూస్తున్నాను. ఆవిడ గుంజను వదల్లేదు.

"మొక్కుకోను," అంది.

"తిరిగి రావాలని కూడానా?"

మా అక్క వాడి తడి జుట్టు మొహం మీంచి పక్కకు తోసింది.

"అది తాతని ఎందుకడుగుతాను? నిన్నే అడుగుతున్నాను."