సద్దిలో ఏం కూర

మొన్న ఆదివారం మా చిన్నమ్మాయి మంచిర్యాల నుంచి వచ్చింది. అక్కడ బడిలో టీచరు. వాళ్ళందరినీ రెండు రోజులు ఒక హాల్లో కూర్చోబెట్టి, తన మనసు తాను తెలుసుకోవడం ఎలా, కోపాన్ని పట్టుకోవడం ఎలా, ఎదుటివాడి బాధను ముఖం చూసి కనిపెట్టడం ఎలా అని నేర్పించారట. దానికి భావోద్వేగ ప్రజ్ఞ అని పేరట, ఆటలోనైనా ఉద్యోగంలోనైనా సంసారంలోనైనా పైకి రావాలంటే చదువుకన్నా అదే ముఖ్యమట. ఇంటికి రాగానే ఆ ప్రశ్నల కాగితం నా ముందు పెట్టి, బాపూ, నువ్వు కూడా రాయమంది. రాశాను. నూటికి తొంభై పైన వచ్చాయని, తమ హెడ్మాస్టరుకు కూడా అన్ని రాలేదని పిల్ల ఒకటే సంబరపడింది. నేను కాగితం మడిచి ఇచ్చి పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను. సంతోషం కలగలేదు, దుఃఖమూ కలగలేదు. ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్తే ఎదుటివాడు తృప్తిపడతాడో నాకు యాభై ఏళ్ళ నుంచి తెలుసు, అంతే.

మా వయసు వాళ్ళకు చెప్పనక్కరలేదు గాని, ఆ రోజుల్లో గోదావరిఖని అంటే ఊరు కాదు, ఊరవుతున్న అడవి. అరవైల చివర్లో కమాన్‌పూర్ దిక్కు మా పల్లెలో రెండేళ్ళు వరుసగా వానలు మొహం చాటేస్తే, మా అక్క భర్త, అంటే మా బావ, అప్పటికే బొగ్గుబాయిలో కుదురుకుని ఉన్నాడు కాబట్టి, నన్ను కూడా వెంటబెట్టుకుని తీసుకొచ్చి పనిలో పెట్టించాడు. బొగ్గు పేల్చాక పారతో తట్టకెత్తి పట్టాల మీద నడిచే టబ్బుల్లో నింపే పని. మొదటి వారం రోజులు అన్నం ముద్ద నోటి దాకా ఎత్తలేకపోయాను, చేతులు అంత వణికేవి. అక్క నవ్వుతూనే ముద్దలు కలిపి పెట్టింది. అక్కావాళ్ళ ఇంటికీ, తరువాత నాకు దొరికిన ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. అక్క దగ్గితే మా ఇంట్లో వినపడేది.

మా గుంపుకు పెద్ద సర్దారు. పని ఎక్కడ, ఎవరు, ఎంత మంది అని పంచేది ఆయనే, మమ్మల్ని లోపలికి పంపేముందు చేతికర్రతో నెత్తి మీది బాయి కప్పును తట్టి చప్పుడు విని, గట్టిదో డొల్లదో చెప్పేది కూడా ఆయనే. అందరం కాకా అనేవాళ్ళం. చదువు లేదు, సంతకం కూడా ఆలోచించి ఆలోచించి చేసేవాడు. ఆయనకొక అలవాటుండేది. మొదటి షిఫ్టు వాళ్ళం లైట్లూ సద్దిగిన్నెలూ తీసుకుని వరుసగా నిలబడితే, ఒక్కొక్కరి ముందూ ఆగి ఒకే ఒక్క మాట అడిగేవాడు.

"సద్దిల ఏం కూర?"

పచ్చిపులుసు కాకా, పుంటికూర పప్పు కాకా, ఏం లేదు కాకా మిరంపొడి, అని వరుసగా చెప్పుకుంటూ పోయేవాళ్ళం. తిండిపోతు ముసలోడని వెనుక నవ్వుకునేవాళ్ళం. కొత్తగా పెళ్ళయినవాడు కోడికూర అంటే ఇక ఆ రోజంతా వాడి బతుకు బతుకు కాదు, టబ్బు టబ్బుకూ ఒకడు ముక్క అడిగేవాడు. ఒక్కోసారి మాత్రం కాకా ఎవడో ఒకణ్ణి పక్కకు తీసి, ఇవాళ బొగ్గు దగ్గరికి వద్దు, బయట సామాను సర్దు అనేవాడు. ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు. కాకా లెక్క కాకాకే తెలుసు అని ఊరుకునేవాళ్ళం.

నా పెళ్ళయిన కొత్తలో ఒక పొద్దున, ఏదో చిన్న మాటకు మా ఆవిడతో పోట్లాడి, ఆమె అటు తిరిగి గిన్నె నింపితే నేను ఇటు తిరిగి అందుకుని బయటపడ్డాను. కాకా అడిగితే తత్తరపడి గిన్నె మూత తీయబోయాను. నిజంగానే సద్దిగిన్నెలో ఏముందో నాకు తెలియదు. నన్ను పక్కకు తీసి, బొగ్గుదుమ్ము అంటుకోకుండా దారుల్లో సున్నప్పొడి చల్లే పనికి పంపాడు. సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం బావతో మొరపెట్టుకుంటే ఆయన పడీ పడీ నవ్వి, అప్పుడు విడమరిచి చెప్పాడు. ఇంట్లో మాటా మంచీ ఉన్నవాడికి తన గిన్నెలో ఏముందో తెలుస్తుంది, కొట్లాడి వచ్చినవాడికీ, ఏడ్చి వచ్చినవాడికీ, తాగి పడుకుని లేచి వచ్చినవాడికీ తెలియదు, తెలియనివాణ్ణి కప్పు కింద నిలబెడితే వాడికీ చెడ్డ, పక్కవాడికీ చెడ్డ. ఇంత సంగతి ఉందా ఆ ఒక్క మాటలో అని నోరు తెరిచాను. ఆ రోజు నుంచి నాకు కాకా అంటే భయమూ భక్తీ రెండూ ఏర్పడ్డాయి. దానితో పాటే ఒక చెడ్డ తెలివి కూడా అబ్బింది. జవాబు ఎంత త్వరగా చెప్పాలో తెలిసిపోయింది.

ఆదివారాన్ని మేము ప్లేడే అనేవాళ్ళం. ఆ రోజు కబడ్డీ. మా బాయి జట్టుకు కాకాయే పెద్ద. ఆట ఆడలేడు గాని గీత బయట గొంతుక్కూర్చుని కళ్ళు మూసుకుని మా కూత వినేవాడు. బావ కూతకు వెళ్తే చూడాలి, గాలి వీచినట్టు వెళ్ళి ఇద్దరిని తాకి వచ్చేవాడు, మొహంలో నవ్వు చెరిగేది కాదు. నాకు బలముంది గాని ముక్కు మీద కోపం. పక్క బాయి జట్టు నా సంగతి కనిపెట్టి, నేను గీత దాటగానే మా ఊరిని ఎగతాళి చేస్తూ ఏవో కూతలు కూసేవాళ్ళు. ఒంటిలో రక్తమంతా తలకెక్కి, ఊపిరి తెగి, కూత ఆగి, పట్టుబడిపోయేవాణ్ణి. అలా ఒకసారి గెలిచే ఆట నా వల్ల పోయింది. జట్టులో ఎవరూ నాతో మాట్లాడలేదు. కాకా మాత్రం నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"కోపం రావద్దని ఎవడన్నడురా? వస్తది. వచ్చిందని నీకు ఎరుకుండాలె. ఎరుకుంటే అది నీ చేతుల ఉంటది, లేకుంటే నువ్వు దాని చేతుల ఉంటవ్."

ఇప్పుడు మా అమ్మాయి తెచ్చిన కాగితంలో రెండు పేజీలు రాసింది ఈ మాటే. కాకా చెప్పింది ఎరుక గురించి. నేను విన్నది దాచుకోవడం గురించి. లోపల ఏమున్నా సరే కూత వణకకూడదు, మొహం మారకూడదు, అదే మగతనమనుకుని, పొద్దునా సాయంత్రం ఊపిరి బిగబట్టి సాధన చేశాను. ఏడాది తిరిగేసరికి ఎవడు ఎంత తిట్టినా నా కూత తొణకలేదు. ఆ ఏడు పోటీల్లో కప్పు మా జట్టే గెలిచింది. నన్ను రాయి అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరుకు నేను పొంగిపోయాను కూడా.

డెబ్బైల మొదట్లో, వానాకాలంలో, మా మొదటి కొడుకు పోయాడు. ఎనిమిది నెలలవాడు. మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు దవాఖానలో. గోదావరి ఒడ్డున మట్టి చేసి వచ్చాం. మా ఆవిడను వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళింది. ఇంట్లో నేనూ, దూలానికి వేలాడే చీర ఉయ్యాలా మిగిలాం. దాన్ని విప్పాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. మట్టి చేసిన నాలుగో రోజు తెల్లవారుజామున లేచి సద్దిగిన్నె కడిగి, తుడిచి, మూత బిగించి డ్యూటీకి వెళ్ళిపోయాను. గిన్నెలో ఏమీ లేదు. అక్కను అడిగితే పెట్టేది, అడగాలనిపించలేదు. ఆకలి అనేది ఒకటుంటుందని కూడా గుర్తులేదు. దారిలో బావ కలిసి పక్కన నడిచాడు. నేను నడుముకు లైటు బ్యాటరీ కట్టుకుంటుంటే నా గిన్నె ఆయనే పట్టుకుని, కట్టుకోవడం అయ్యాక తిరిగి నా చేతికిచ్చాడు.

కాకా నా ముందు చాలాసేపు ఆగాడు. ఆయనకు పిల్లవాడి సంగతి తెలుసు, మట్టి చేసిన నాడు మా వెంట వచ్చాడు కూడా. ఇంకో రెండు రోజులు ఇంటి దగ్గరుండరాదా అన్నాడు. ఇంట్లో ఏముంది కాకా అన్నాను. నా మొహంలోకి చూస్తూ మెల్లగా అడిగాడు, సద్దిల ఏం కూర అని.

"బెండకాయ పులుసు, కాకా."

రెప్పపాటు ఆలస్యం చేయలేదు. గొంతు వణకలేదు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆయనను ఎన్నడూ మోసం చేయలేదు. నా భుజం తట్టి లోపలికి పంపాడు.

తరువాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కప్పు రాలబోయే ముందు చిటచిటమని సన్నగా చప్పుడు చేస్తుంది, కప్పు మాట్లాడుతుంది అనేవాళ్ళం. పక్కనున్న అందరికీ వినపడిందట, నాకు వినపడలేదు. బావ నా పేరు పెట్టి రెండుసార్లు అరిచాడట, అదీ వినపడలేదు. ఎవరో వెనుక నుంచి గుద్దినట్టయి బోర్లాపడ్డాను. లేచి చూస్తే నేను నిలబడిన చోట మంచమంత బండ ఉంది, దాని కింద బావ కుడికాలు ఉంది. అందరితో పాటు నేనూ బండ ఎత్తాను. స్ట్రెచరు ఒక కొస పట్టుకుని పైదాకా మోశాను. చేతులు గట్టిగానే ఉన్నాయి, వణకలేదు. ఎంత ధైర్యమో చూడండి అని ఎవరో అన్నారు. దవాఖానలో మోకాలి కింది నుంచి కాలు తీసేశారు.

కప్పు కూలడం ఎవరి తప్పూ కాదని అందరూ అనుకున్నారు. కాకా ఒక్కడే అలా అనుకోలేదని నాకు తెలుసు, ఎందుకంటే మర్నాటి నుంచి ఆయన ఆ మాట అడగడం మానేశాడు. వరుసలో నిలబడితే మొహాలు చూడకుండా పేర్లు పిలిచి పంపేవాడు. ఆయన చెవి తప్పలేదు, నేను అబద్ధం చెప్పానని ఒక్క ముక్క చెప్తే ఆ ముసలాయన గుండె బరువు దిగేది. చెప్పలేదు. రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అనుకుంటుండగానే ఆయన పని నుంచి దిగిపోయాడు, ఊరికి పోయాడు, కాలం చేశాడు. ఇది నేను చేసిన పాపం. పాపమని తెలుసు గాని, ఇప్పటికీ నొప్పి పుట్టదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లినట్టే ఉంటుంది.

లోకం దృష్టిలో మాత్రం నేను బాగుపడ్డాను. పరీక్ష రాసి సర్దారునయ్యాను, ఆపైన ఇంకో మెట్టు కూడా ఎక్కాను. సమ్మెలప్పుడు ఇటువాళ్ళూ అటువాళ్ళూ నన్నే మధ్యకు పిలిచేవారు, ఎవరెంత అరిచినా నేను చలించనని. పిల్లలు పుట్టారు, చదువుకున్నారు. ఆరేళ్ళ క్రితం మా ఆవిడ పోయింది. వచ్చిన వాళ్ళకు కుర్చీలు వేయించడం, చాయ్ తెప్పించడం, అందరినీ ఓదార్చడం నేనే చూసుకున్నాను. గుండె గట్టిదని మెచ్చుకున్నారు. గోడవతల అక్క ఒక్కతే, వీడు ఏడుస్తలేడేంది అని బావను అడిగిందట.

అమ్మాయి తిరిగి వెళ్ళిన మర్నాడు నేను బస్సెక్కి కమాన్‌పూర్ దిక్కు మా పల్లెకు పోయాను. అక్కా బావా ఇప్పుడు అక్కడే ఉంటున్నారు. బావ అరుగు మీద కూర్చుని, కొయ్యకాలు విప్పి పక్కన పెట్టుకుని, చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. పక్కన కూర్చుని చెప్పేశాను. ఆ రోజు గిన్నెలో ఏమీ లేదని, కాకాకు అబద్ధం చెప్పానని, ఆ కాలు నా వల్ల పోయిందని. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. బావ కాయలు వలవడం ఆపలేదు.

"నాకెరుకే బామ్మర్ది. గిన్నె నేను పట్టుకుంటి గదా, తేలికగ ఉండె."

మరి అప్పుడే కాకాకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నిన్ను ఇంటికి తోలుతుండె. ఇంటికాడ ఎవరున్నరు? ఆ ఉయ్యాల చూసుకుంట కూసుంటవ్, ఏం చేసుకుంటవో ఏమో. నా పక్కపొంటి ఉంటే నేను చూసుకుంట గదా అనుకున్న."

అప్పుడు ఏడవాలని నాకు తెలుసు. ఏడిస్తే బావకూ నాకూ ఇద్దరికీ తేలికవుతుందనీ తెలుసు. చాలాసేపు చూశాను, రాలేదు. బావ నా మొహం చూసి, చేతిలో కాయలు పళ్ళెంలో వదిలేసి, నా చెయ్యి పట్టుకుని, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నా వంతు కూడా ఆయనే ఏడ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు, నేల పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు పక్కనుంచి వచ్చింది. మేము దిగిన బాయిలు చాలా వరకు మూసేశారు. ఇప్పుడు ఇల్లంత బండ్లు, ఒక్కో బండిలో చల్లటి అద్దాల గదిలో ఒక్కో మనిషి. కాళ్ళు పోవడం, ప్రాణాలు పోవడం తగ్గింది, అది మంచిదే, నేను కాదనను. తన మనసు తాను చూసుకోవడం కూడా ఇప్పుడు కాగితాల మీద నేర్పిస్తున్నారు, అదీ మంచిదే. మా రోజుల్లో అది తెలిసినవాళ్ళు తక్కువ, తెలిసీ నేను తప్పుగా నేర్చుకున్నాను. కానీ మనం ఎంత బాగా అబద్ధం చెప్పినా నమ్మనివాడొకడు చేతికందే దూరంలో పనిచేస్తూ ఉండేవాడు. ఆ అద్దాల గదుల్లో రెండో మనిషికి చోటు లేదు.