‘తీసుకోవాలి’ అన్న ఒక్క మాట కోసం

మా మేడమ్ పోయారని మొన్న ఆదివారం ఉదయం వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "భయ్యా, మమ్మీ చలీ గయీ," అంది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది కానీ నోటికి వచ్చేది హిందీయే. కాసేపు ఆగి, ఎందుకనో మళ్ళీ అదే సంగతి తెలుగులో చెప్పింది. "మమ్మీ ఇంక లేదు." హిందీలో విన్నప్పుడు ఎవరో ఎవరి గురించో చెబుతున్నట్టే ఉంది. తెలుగులో విన్నాక మెట్ల మీద కూలబడ్డాను.

మీకు ఆమె ఎవరో తెలిసే అవకాశం లేదు. నోయిడాలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో కంప్యూటర్లు, మానిటర్లు పరీక్షించే విభాగానికి ఆమె పెద్ద. దుకాణంలో మానిటర్ కొనేటప్పుడు తెర మూల చిన్న ఆకుపచ్చ స్టిక్కర్ ఒకటి కనిపిస్తుంది. పర్యావరణానికి తక్కువ హాని చేసే వస్తువని దాని అర్థం. మనం ధర చూస్తాం, సైజు చూస్తాం, స్టిక్కర్ని ఎవరం చూడం. కానీ అది అంటించే ముందు ఆ వస్తువు కరెంటు ఎంత తింటుంది, లోపల పాదరసం ఉందా, ప్లాస్టిక్ బాడీలో ఏ రసాయనం కలిపారు, పాడయ్యాక మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పడానికి వస్తుందా అని ఎవరో ఒకరు చూడాలి. మా ల్యాబ్‌లో అది చూసేది మేడమ్.

వాళ్ళమ్మ బాపట్ల దగ్గర పల్లె నుంచి నర్సు ఉద్యోగానికి ఢిల్లీ వచ్చారట. మేడమ్ నర్సుల క్వార్టర్లలో పుట్టి పెరిగారు. అయినా ఆమె తెలుగు గుంటూరు జిల్లా దాటి రాలేదు. మధ్యమధ్య అచ్ఛా, ఠీక్ హై దొర్లుతుండేవి, అంతే. నేను ఢిల్లీలో కోచింగ్ సెంటర్లుండే జియా సరాయ్‌లో గది తీసుకుని ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలు రాసి, రాసి, ఏదీ రాక ఆ ల్యాబ్‌లో చేరినవాణ్ణి. ఇంటర్వ్యూలో ఆమె నన్ను చదువు గురించి అడిగింది తక్కువ. ఒక పాత మానిటర్ ముందు పెట్టి విప్పమన్నారు. నేను తొందరలో బలంగా లాగబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"నెమ్మదిగా బాబూ. దీన్ని రేపు విప్పేవాళ్ళకి నీకున్న టేబులు కూడా ఉండదు. వాళ్ళు ఎట్లా విప్పుతారో అట్లా ఆలోచించి విప్పు."

ఆమె దగ్గర నేను నేర్చుకున్న పనంతా ఆ మాటలోనే ఉంది. బాడీని స్క్రూలతో కాకుండా జిగురుతో అతికించిన మానిటర్ వస్తే ఆమె ముఖం మాడిపోయేది. యంత్రం లెక్క తేల్చేలోగా తెలుగు క్రైస్తవ కీర్తనలు సన్నగా పాడుకునేవారు, శ్రుతి ఏమాత్రం లేకుండా. తెలియకుండా మేమూ వాటిని పట్టుకున్నాం. మా ల్యాబ్‌లో పనిచేసే హర్యానా కుర్రాడు ఇప్పటికీ టీ కలుపుతూ, అర్థం తెలియని ఆ పాటల్లో ఒకటి పాడుతుంటాడు.

ఆమె పోరాటమంతా మొదలైంది ఒక పగిలిన మానిటర్ వల్ల. మేడమ్ వాళ్ళ చర్చిలో సాయంత్రం పూట పేదపిల్లలకు కంప్యూటర్ నేర్పేవారు. అక్కడికి కొన్న మానిటర్లు మా ల్యాబ్‌లో పాసై, స్టిక్కర్ తెచ్చుకున్న రకమే. కొనమని చెప్పిందీ ఆమే. ఒకరోజు పిల్లలు తోసుకోవడంలో ఒకటి కింద పడి వెనకభాగం పగిలింది. ఆమె ఆ ముక్కల్ని సంచిలో వేసుకుని ల్యాబ్‌కు తెచ్చారు. ఊరికే చూద్దామనే తెచ్చారు. ఎక్స్‌రే తుపాకీ అని మేము పిలిచే పరికరం ఒకటి ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ మీద ఆనిస్తే లోపల ఏమేం ఉన్నాయో చెబుతుంది. ఆ ముక్క మీద ఆనిస్తే బ్రోమిన్ చూపించింది. మంటలు అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపే రసాయనాల్లో అది ఉంటుంది. ఆ రసాయనాల్లో కొన్ని ఉన్న ప్లాస్టిక్‌ను తరవాత ఎప్పుడో కాలిస్తే వచ్చే పొగ విషం. స్టిక్కర్ ఉన్న వస్తువులో అవి ఉండకూడదు.

మళ్ళీ పెట్టమన్నారు. ఇంకో ముక్క మీద పెట్టమన్నారు. పరికరాన్ని సరిచూసి మళ్ళీ పెట్టమన్నారు. చివరికి ఆ ముక్కని పొడి చేసి, రసాయన పరీక్షకు పంపాం. అదే ఫలితం వచ్చింది, ఆ బ్రోమిన్ ఉండకూడని రసాయనానిదే. కాగితం ఆమె చేతికిచ్చి నిలబడ్డాను. ఆమె దాన్ని రెండుసార్లు చదివారు.

"మన మిషన్ తప్పయితే బాగుండు బాబూ," అన్నారు చివరికి.

కంపెనీ పరీక్షకు పంపిన మానిటర్ వేరు, బజారులో అమ్ముతున్నది వేరు. విచిత్రమేమంటే ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. సాంపిల్ కంపెనీయే పంపాలని, వచ్చిన సాంపిల్‌ను ల్యాబ్ పరీక్షించాలని నియమం. వచ్చింది పాసయింది. మేడమ్ కంపెనీకి రాశారు, జవాబు లేదు. మా యజమాని దగ్గరికి వెళ్ళారు. ఆయన చెడ్డవాడు కాడు. జీతాలు ఆలస్యం చెయ్యకుండా ఇచ్చే మనిషి. మన దగ్గరికి వచ్చింది పాసా, కాదా, అంతవరకే మన పని మేడమ్ జీ, అన్నాడు. ఆ కంపెనీ పని పోతే ల్యాబ్‌లో సగంమందిని పంపించాల్సి వస్తుందని కూడా అన్నాడు. అదీ నిజమే.

ఆ వారాంతంలో ఆమె నన్ను ఘజియాబాద్ వైపు, ఢిల్లీ సరిహద్దు దాటగానే ఉన్న ఒక బస్తీకి తీసుకెళ్ళారు. పాడైన కంప్యూటర్లు చివరికి చేరే చోటు అది. ఒక ఇంటి గుమ్మంలో ఒకామె మానిటర్ల బాడీలు గుట్టగా పోసుకుని కూర్చుంది. ఒక్కో ముక్క అంచుకి లైటర్ అంటించి, ఊది ఆర్పి, పొగని వాసన చూసి, రకాల ప్రకారం వేరే వేరే బస్తాల్లోకి విసురుతోంది. ఒళ్ళో బిడ్డ నిద్రపోతున్నాడు. మేడమ్ ఆమె పక్కన కింద కూర్చుని, ఆ పొగ పీల్చకమ్మా అని హిందీలో బతిమాలారు. ఆమెకు నవ్వొచ్చింది.

"సూంఘేంగే నహీ తో పతా కైసే చలేగా, దీదీ?"

వాసన చూడకపోతే ఎలా తెలుస్తుంది అక్కా, అని. తిరిగి వస్తూ ఆటోలో మేడమ్ అన్న మాట నాకు జ్ఞాపకం. పనిచేసినన్నాళ్ళూ ఈ వస్తువు ఎవరింట్లో ఉంటుందో కంపెనీకి తెలుసు, పాడయ్యాక ఎవరి ఒళ్ళో పడుతుందో ఆలోచించాల్సింది మనమే, ఇంకెవరూ లేరు, అన్నారు. "ఇంకెవరూ లేరు" అని మళ్ళీ తనలో తనే అనుకున్నారు. అది నాతో అన్నట్టు లేదు, ఎవరినో సాయం పిలిచినట్టు ఉంది.

అప్పటినుంచి ఆమెకు ఒకటే పట్టింది. పరీక్షించే సాంపిల్‌ను కంపెనీ పంపకూడదు, బజారు నుంచి తీసుకోవాలి. కంప్యూటర్లకు, తెరలకు ఈ స్టిక్కర్ ఎలా ఇవ్వాలో నిర్ణయించే ప్రమాణాన్ని అప్పుడు సవరిస్తున్నారు. దాని కమిటీలో ఆమె మా ల్యాబ్ తరఫున సభ్యురాలు. ఆ ఒక్క వాక్యం చేర్చమని రాసి పంపారు. ఆ సంగతి కంపెనీలకు తెలిసింది, మా యజమానికీ తెలిసింది. కొద్దిరోజులకే రిపోర్టుల మీద సంతకం చేసే అధికారం ఆమె నుంచి తీసేశారు. కమిటీలో కూడా ల్యాబ్ తరఫున ఇంకొకరు వెళ్తారని చెప్పారు. ఆమె ఎవరినీ తిట్టలేదు. వినియోగదారుల సంఘాలన్నింటికీ ఫోన్లు చేసి, మీ తరఫున నన్ను పంపండి, జీతం వద్దు, బస్సు ఖర్చులు కూడా వద్దు అని అడగడం మొదలుపెట్టారు. చివరికి ఒక చిన్న సంఘం ఒప్పుకుంది.

ఆమెకు దగ్గు మొదలైంది కూడా ఆ శీతాకాలంలోనే. ఢిల్లీలో చలికాలం ఎవరు దగ్గరు అని ఆమె కొట్టిపారేశారు. పరీక్షలు చేయించేసరికి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ గడ్డ, ముదిరిపోయింది. ఎందుకు వచ్చిందో డాక్టర్లు చెప్పలేదు, చెప్పలేమన్నారు. నేనూ ఇక్కడ ఏదీ ఊహించి రాయను.

ఆ తరవాతి నెలల గురించి రాయడం కష్టంగా ఉంది. మందు ఎక్కించే గదిలో, చేతికి సూదితోనే, ఆమె కమిటీ సభ్యులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసేవారు. కొందరు ఎత్తేవారు కాదు. ఎత్తినవాళ్ళు మీ ఆరోగ్యం చూసుకోండి మేడమ్ అనేవారు. "నా ఆరోగ్యం సంగతి కాదండీ, ఆ వాక్యం సంగతి చెప్పండి," అనేవారు ఈమె. వాళ్ళమ్మాయి ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో చదువుతోంది. క్లాసులు మానేసి అమ్మ పక్కన కూర్చునేది. ఒకరోజు నన్ను వరండాలోకి పిలిచి, "భయ్యా, ఆప్ రోకో నా మమ్మీకో. మేరే సే బాత్ కర్నే కీ సాంస్ నహీ హై ఉన్‌కే పాస్," అంది. నాతో మాట్లాడటానికి ఆమెకు ఊపిరి చాలడం లేదు, మీరైనా ఆపండి అని. నేను లోపలికి వెళ్ళి ఆ మాటే చెప్పాను. మేడమ్ ఫోన్ పక్కన పెట్టి, కూతుర్ని పిలిచి తల నిమిరారు. ఆ పూట ఇంకెవరికీ ఫోన్ చెయ్యలేదు. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టారు.

ఆఖరి సమావేశానికి వెళ్తానంటే డాక్టరు వద్దన్నారు. వెళ్ళారు. నేనూ వాళ్ళమ్మాయీ చెరో పక్క పట్టుకుని మెట్లు ఎక్కించాం. సహాయకుడిగా నన్ను వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు. కంపెనీల తరఫు ప్రతినిధి చాలా మర్యాదగా మాట్లాడాడు. ప్రతిసారీ బజారు నుంచి సాంపిల్ తీసి పరీక్షిస్తే ఖర్చు పెరుగుతుంది, చిన్న కంపెనీలు అసలు స్టిక్కరే వద్దనుకుంటాయి, ఉన్నదీ పోతుంది అన్నాడు. చాలామంది తలలూపారు. అధ్యక్షుడు పెద్దాయన, మేడమ్ అంటే గౌరవం ఉన్నవాడు. మధ్యేమార్గంగా ఆ వాక్యంలో ఒక్క మాట మారుద్దామన్నాడు. ఆమె రాసింది ఇంగ్లీషులో ‘షల్’ అని. అంటే సాంపిల్ బజారు నుంచి తీసుకోవాలి, తప్పదు. ఆయన దాన్ని ‘మే’ చేశాడు. అంటే తీసుకోవచ్చు, తీసుకోకపోనూ వచ్చు.

మేడమ్ లేవబోయి లేవలేక, కూర్చునే మాట్లాడారు. ఇంగ్లీషులో అన్నది ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"సార్, ‘తీసుకోవచ్చు’ అంటే ఎవరూ తీసుకోరు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎన్నో ఏళ్ళు నేను పాస్ అని సంతకం పెట్టాను. వాటిలో ఎన్ని నిజంగా పాసో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. నాకు ఇంకో సమావేశానికి వచ్చే టైము లేదు. ఆ ఒక్క మాట నాకు వదిలెయ్యండి."

ఎవరూ తలెత్తలేదు. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె అభిప్రాయాన్ని నమోదు చేస్తామని చెప్పి, తరవాతి అంశంలోకి వెళ్ళాడు.

బయటికి వచ్చాక ఆమె ఏడవలేదు. ఆటో కోసం నిలబడ్డప్పుడు, నన్ను కాదు, వాళ్ళమ్మాయిని అడిగారు. "నేను సరిగ్గా చెప్పలేదా అమ్మా?" ఆ పిల్ల హిందీ, తెలుగు కలిపేసి, అచ్ఛా బోలా మమ్మీ, చాలా బాగా చెప్పావు అంటూ అమ్మని వాటేసుకుంది. ఆటోవాడు ఎక్కడికని అడిగేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

ప్రమాణం ‘మే’ తోనే వచ్చింది. కంపెనీలు ఇప్పటికీ తమ సాంపిల్ తామే పంపుతున్నాయి. నేను అదే ల్యాబ్‌లో, అదే టేబుల్ దగ్గర వాటిని విప్పుతున్నాను. పాసయినవాటికి పాస్ అనే రాస్తున్నాను, ఎందుకంటే నా ముందున్నది నిజంగానే పాసవుతుంది. బజారులో ఏముందో నాకు తెలియదు. మళ్ళీ సవరణ ఎప్పుడు జరుగుతుందో, అప్పుడు ఆ వాక్యం గురించి ఎవరు అడుగుతారో కూడా తెలియదు. నేను అడగాలనుకుంటున్నాను. కమిటీలో నాకు కుర్చీ లేదు. ఆమెలా సంఘం సంఘానికీ ఫోన్ చేసి కుర్చీ అడుక్కునే ధైర్యం ఉందో లేదో కూడా తెలియదు.

సమాధి కార్యక్రమానికి చర్చివాళ్ళు వచ్చారు, ల్యాబ్‌లో సగంమంది వచ్చారు, యజమాని కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. కమిటీ నుంచి ఎవరూ రాలేదు. వాళ్ళకి ఎవరు చెబుతారు?

నేను ఆమెను చివరిసారి చూసింది పోవడానికి కొద్దిరోజుల ముందు, ఆస్పత్రి వార్డులో. సాయంత్రం వేళ. నరసాపురం వైపు నుంచి వచ్చిన నర్సమ్మ ఒకావిడ, చక్రాల బల్ల మీద కంప్యూటర్ తోసుకుంటూ మంచం మంచానికీ వచ్చి జ్వరం, బీపీ చూసి అందులో ఎక్కిస్తోంది. మేడమ్ దగ్గరికి వచ్చినప్పుడు ఆ మానిటర్ మూల ఆకుపచ్చ స్టిక్కర్ ఉంది. నేను చూశాను, ఆమె నాకంటే ముందే చూశారు. చెయ్యి చాపి, తెర వెనకభాగాన్ని వేళ్ళతో తడిమారు.

"ఇది పాడైతే ఎక్కడికి పంపుతారమ్మా?" అని అడిగారు. గొంతు పైకి రావడం లేదు.

"ఏమోనండీ మేడమ్ గారూ. స్టోర్ వాళ్ళు పట్టుకెళ్తారు. ఆ తరవాత మాకు తెలీదండీ."

"ఒకసారి అడుగమ్మా వాళ్ళని."

"అలాగేనండీ, అడుగుతాను. మీరు పడుకోండి," అని ఆమె దుప్పటి సర్ది, బల్లని ముందుకు తోసింది.

వార్డులో ఇంకా దీపాలు వెయ్యలేదు. ఆ తెర వెలుతురు పక్క మంచం మీద పడింది, తరవాత దాని పక్క మంచం మీద. దిండు మీంచి తల ఎత్తలేక ఎత్తి, మేడమ్ ఆ వెలుతురు పోయే వైపే చూస్తున్నారు.