పడమటి గట్టుకు రాణి ఎందుకు పోదు?

పాఠకులు నన్ను కలిసినప్పుడు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, మీరు దయ్యాలను నమ్ముతారా?" నేను మాంత్రికుల గురించి, మాట్లాడే నదుల గురించి నవలలు రాస్తాను కాబట్టి నమ్ముతాననే అనుకుంటారు. నేను ఏనాడూ నమ్మలేదు. పగలంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని నాది. ఏదైనా ఎందుకు జరిగిందో తెలియకపోతే కారణం దొరికేదాకా వదలను. ఈ ఒక్క సంగతికి మాత్రం ఎంత వెతికినా కారణం దొరకలేదు. పేర్లు మార్చి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రత్న నా స్నేహితురాలు. బెంగళూరు అంచున ఉన్న వర్తూరులో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. చదువంతా కన్నడంలో సాగింది. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక తనంతట తనే నేర్చుకుంది. మా అపార్ట్‌మెంటు దగ్గరి స్కూల్లో టీచరు. నా నవల ఒకటి చదివి, ఒకరోజు నేరుగా వచ్చి తలుపు తట్టింది.

"నా దగ్గరా ఒక కత ఉండాదప్పా. రాసేకే భయమైతాది," అంది.

మురుగునీటితో నిండిన వర్తూరు చెరువు నురగ గాలికి లేచి రోడ్డు మీద వెళ్ళేవాళ్ళ మీద పడుతుండేది. అది చూసి పుట్టిన కథ. నురగ కింద ఒక రాజ్యం, దాన్ని ఏలే రాణి. ఆ రాణి ఎక్కడికైనా వెళ్తుంది గానీ, పడమటి గట్టు మీద మాత్రం అడుగు పెట్టదు. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా రత్న నవ్వి ఊరుకునేది. "అది మాత్రం నీకు కూడా చెప్పను పో," అనేది.

రాసిన ప్రతి అధ్యాయం మా బాల్కనీలో కూర్చుని చదివి వినిపించేది. మొత్తం పూర్తయ్యాక భాస్కర ప్రసాద్ గారికి పంపింది. ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసి రిటైరైన రచయిత. బెంగళూరులో తెలుగు సభ ఏది జరిగినా మొదటి కుర్చీ ఆయనదే. చదివి ఫోన్ చేశాడు.

"ఇది నవల కాదమ్మా. పల్లెటూరి భాషలో పిల్లల కబుర్లు," అన్నాడట.

ఆ రోజు రత్న మా ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత మళ్ళీ కలం పట్టలేదు. ఆ వానాకాలంలోనే డెంగీ వచ్చింది. ఆసుపత్రిలో చేర్చిన వారంలోపే పోయింది.

ఏడాది తిరిగేసరికి ఆ నవల అచ్చయింది, భాస్కర ప్రసాద్ పేరుతో. పాత్రల పేర్లు మార్చాడు, రత్న యాసను చెరిపేసి భాషను నున్నగా దిద్దాడు. నురగ, రాణి, పడమటి గట్టు మాత్రం అలాగే ఉన్నాయి. పుస్తకాల షాపులో నిలబడే చివరి పేజీ దాకా తిప్పాను.

ఆయనకు ఫోన్ చేశాను.

"ఊహలు గాల్లో ఉంటాయి తల్లీ. ఎవరికి అందితే వాళ్ళవి," అన్నాడు చాలా శాంతంగా.

నా దగ్గర ఆధారం లేదు. నేను కథ విన్నానే గానీ కాపీ తీసుకోలేదు. రత్న లాప్‌టాప్‌ను వాళ్ళ తమ్ముడు అంతా తుడిచేసి ఎవరికో ఇచ్చేశాడు. ఇక నాకు మిగిలింది కోపం ఒక్కటే. నలుగురి ముందు ఆ మనిషి తలదించుకోవాలి. వంట చేస్తున్నా, బస్సులో కూర్చున్నా అదే ఆలోచన.

అవకాశం దానంతట అదే వచ్చింది. కొత్తగా రాసేవాళ్ళ కోసం ఒక ఆదివారం ఉదయం ప్రశ్నోత్తరాల కార్యక్రమం పెట్టారు. వేదిక మీద ఆయనా, నేనూ. పిలవగానే ఒప్పుకున్నాను.

ఎప్పుడూ అడిగే ప్రశ్నలే అడిగారు. రోజూ రాయాలా? రాయాలి, బాగా రాకపోయినా రాయాలి అన్నాను. మాయాలోకాన్ని ఎలా కట్టాలి? ముందు అక్కడి జనం ఏం తింటారో, దేనికి భయపడతారో తేల్చుకోండి అన్నాను. ఆలోచనలు ఎక్కడి నుంచి వస్తాయని ఒక కాలేజీ అమ్మాయి అడిగింది. దానికి మైకు ఆయన అందుకున్నాడు.

"అంతా సాధనమ్మా. నురగ రాణి నాకు తెల్లవారుజామున ధ్యానంలో కనిపించింది," అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఇక నేను ఆగలేదు. "నాదీ ఒక ప్రశ్న సార్," అన్నాను. "మీ రాణి పడమటి గట్టుకు ఎందుకు పోదు? పుస్తకంలో ఎక్కడా చెప్పలేదు. రాసింది మీరే కాబట్టి మీకు తెలిసే ఉంటుంది."

ఆయన చిరునవ్వు నవ్వి, "అదొక ప్రతీక అండీ..." అని మొదలుపెట్టాడు. అక్కడే ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. మెడ కొంచెం పక్కకు వాలింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు ఆయనదే గానీ, మాట ఆయనది కాదు.

"ఏంటికి పోదంటే, ఆడ నేను మునిగింటి కదప్పా. చిన్నపిల్లను. మాయమ్మ నా జడ పట్టుకోని బయటికి ఈడ్చె. ఆ గట్టంటే నాకు ఈపొద్దుకీ భయమే."

హాల్లో కొందరు నవ్వారు. పెద్దాయన యాస పెట్టి వేళాకోళం చేస్తున్నాడనుకున్నారు. ఆయన చూపుడు వేలు ఎత్తి తన గుండె మీదే గుచ్చుకున్నాడు.

"ఈయప్పకు ఎట్ల తెలుస్తాది? ఈయప్ప రాసింటే కదా తెలిసేకి! నా కతను పిల్లల కబుర్లు అనె. నేను పోతానే ఎత్తుకొనె."

నవ్వులు ఆగిపోయాయి. ముందు వరసలో ఉన్న ఆయన భార్య లేచి నిలబడింది. ఆయన మైకు వదిలేసి కుర్చీలో కూలబడి, "మంచినీళ్ళు... ఎవరన్నా మంచినీళ్ళు ఇవ్వండి," అన్నాడు తన మామూలు భాషలో. నేను గ్లాసు అందించలేదు. కుర్చీలోంచి కదలలేదు. లోపల మాత్రం, దాచడం ఎందుకు, పండగలా ఉంది.

ఆ తర్వాత డాక్టరైన మా వదినను అడిగాను. మనసులో దాచుకున్న తప్పు అలా బయటపడుతుందని చెప్పింది. యాస కూడా ఆ రాతప్రతి చదివి ఒంటబట్టి ఉండొచ్చంది. నాకూ సబబుగానే అనిపించింది. కానీ నీళ్ళలో మునగడం, జడ పట్టి లాగడం? రత్న చదివిన ప్రతి పేజీ నేను విన్నాను. అది అందులో లేదు.

వర్తూరు వెళ్ళాను. రత్న వాళ్ళమ్మ వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. సభలో జరిగింది ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు. రత్న చిన్నప్పుడు ఎప్పుడైనా చెరువులో పడిందా అని మాత్రం అడిగాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"నీకెవురు చెప్పిరి?" అంది. "ఆపొద్దు నేనూ అదీ తప్ప ఆ గట్టు మీద ఎవురూ లేరు. జడ దొరికింది కాబట్టి బతికె. వాళ్ళ నాయన కొడతాడని ఇంట్లో కూడా చెప్పలేదప్పా. ఎవురికీ చెప్పొద్దని దానితో ఒట్టు ఏపిచ్చుకుంటి."

ఆమె పక్కన కూర్చుని కాయలు ఒలవడం మొదలుపెట్టాను.

కొన్ని వారాల తర్వాత భాస్కర ప్రసాద్ భార్యను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సగానికి సగం చిక్కిపోయాడు. ఆ పుస్తకం గురించి ఎవరు ఏమడిగినా నోట్లోంచి ఆ మాటలే వస్తున్నాయట. మనవరాలు అడిగినా అంతేనట.

"తప్పు చేశానమ్మా. రత్న మీ మాట వింటుంది, నన్ను వదిలేయమని చెప్పండి," అన్నాడు చేతులు జోడించి.

"నేను చెబితే వినే మనిషి కాదండీ," అన్నాను. "ముందు పుస్తకం మీద ఆమె పేరు వేయించండి. దొంగిలించానని మీ సంతకంతో ముందుమాటలో రాయండి. ఆమె యాసను ఉన్నది ఉన్నట్టు తిరిగి పెట్టండి."

మూడూ చేశాడు. ఆ పుస్తకం ఇప్పుడు రత్న పేరుతో దొరుకుతోంది. ఆయన్ని సభలకు పిలిచేవాళ్ళు లేరు.

అంతటితో అయిపోతుందనుకున్నాను. మొన్న ఆయన భార్య ఫోన్ చేసింది. పొద్దున కాఫీ తాగుతూ ఆయన ఆ యాసలో కొత్త కథ ఒకటి చెప్పడం మొదలుపెట్టాడట. కొండ కింద నిద్రపోయే గుర్రాల కథ. రోజూ కొంచెం కొంచెం చెబుతాడు. మధ్యలో ఆపబోతే ఊపిరాడదు. తర్వాత ఒక్క ముక్కా గుర్తుండదు.

"ఏం చెయ్యమంటారండీ?" అని ఆమె ఏడ్చింది.

"రాసుకోండి," అన్నాను. "ఒక్క మాట కూడా దిద్దకండి."

గుర్రాల కథ ఉందని రత్న నాకెప్పుడూ చెప్పలేదు. అది ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలియదు. ఆ ముసలాయన మీద ఈపాటికి జాలి కలగాలేమో. ఇంకా కలగడం లేదు.