మూత తీయని మైకు

ఈ నవంబరు పద్నాలుగు, గురువారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. తిరువళ్ళూరులో సన్నని వాన. స్టేషను దారిలో ఒక రేడియో రిపేరు అంగడి ముందు గొడుగు ముడుస్తుండగా, టంకం పెట్టేటప్పుడు కాలే రోజనం వాసన ముక్కుకు తగిలింది. నలభై ఒక్క ఏళ్ళ క్రితం మూతపడిన మునస్వామి నాయుడి మైకుసెట్టు అంగడిలో ఎప్పుడూ ఇదే వాసన. 1976 నుంచి ఏడేళ్ళు నేనక్కడ పనిచేశాను.

నాయుడన్నకు పాత సరుకు మీద నమ్మకం లేదు. కొత్తది కొనే స్తోమతా లేదు. మద్రాసులో కొన్న పాత వైర్‌లెస్ పరికరం ఏదైనా మూత తీసి, లోపలి క్రిస్టల్ మీది అంకెను తానే చదివేవాడు. తీగలేని మైకు ఏ ఫ్రీక్వెన్సీలో పలకాలో నిర్ణయించేది ఆ చిన్న రేకుడబ్బీయే. ఆ ఫ్రీక్వెన్సీకి లైసెన్సు వచ్చేదాకా పరికరం బీరువా దాటేది కాదు. ఒకసారి తిరునిన్రవూరు పెళ్ళిపెద్ద ఒకాయన ఎగతాళి చేశాడు.

“గాలికి గూడా పట్టా కావాలంటావా నాయుడూ?”

“కావాల మామా. నీ చేన్లో ఇంకొకడు మడక తోల్తే ఊరుకుంటావా? గాలి గూడా అంతే. ఎవుని గట్టు వానిది.”

ఆ పెళ్ళికి తీగమైకే వెళ్ళింది.

1982 డిసెంబరులో ఒక పాత తీగలేని మైకు, దాని రిసీవరు కొన్నాము. అప్పుడే నాయుడన్నకు కంటి ఆపరేషను. “మూత తీసి సూసి, దరఖాస్తు నువ్వే రాయప్పా” అని నాకు అప్పగించాడు. మూతకున్న నాలుగు మరల్లో ఒకటి తల అరిగి, తిరగలేదు. వెనుక చీటీ మీద 171 మెగాహెర్ట్జ్ అని ముత్యాల వంటి అచ్చులో ఉంది. మైకు స్పష్టంగా పలుకుతోంది. అంకె కనబడితే చాలు, నాకు అనుమానం ఉండేది కాదు. దానినే దరఖాస్తులో ఎక్కించాను. మే నెలలో 171కి లైసెన్సు వచ్చింది.

1983 జూన్ 5, ఆదివారం, ఉదయం పది నలభై. తిరుత్తణిలో ఒక సత్రం, బయట మండే ఎండ. తాళి కట్టడం అయిపోయింది. చదివింపులు మైకులో చదవడం మావాళ్ళ ఆనవాయితీ. ఆ పని నాకే ఇచ్చారు.

“పెండ్లికొడుకు మేనమామ, ఇత్తడి అండా ఒకటి!”

“గట్టిగా సెప్పు సామీ! మళ్ళా మా బావ ఇయ్యలేదంటాడు!” అని మేనమామ అరిచాడు. అందరూ నవ్వారు. నేను మూడుసార్లు చదివాను.

కొంతసేపటికి ఖాకీ బట్టల మనిషి ఒకడు రొప్పుతూ లోపలికి వచ్చాడు.

“ఎవురయ్యా మైకులో? ఫైరింజను సెట్లో మీ అండాలే వస్తాండాయి! యాడ కాల్తాందో ఆ వీధి పేరే ఇనపళ్ళా!”

మైకు ఆపేశాను. వాళ్ళ బండి సత్రం పక్కన దారి చీలేచోట ఆగి, ఎటు పోవాలని సెట్లో అడిగిందట. దూరాన ఫైర్‌స్టేషను చెప్పిన జవాబును దగ్గరి నా గొంతు మింగేసింది. ఊహించి ఎడమకు పోయి, తప్పని తెలిసి వెనక్కు వచ్చారు. పన్నెండు నిమిషాలు పోయాయి. కుడివైపు నేతవారి వీధిలో ఒక పూరింట్లో, గుంటమగ్గం పక్కన మంచంలో ఉన్న, కాళ్ళు పడిపోయిన ముసలాయన బయటికి రాలేకపోయాడు.

మరునాడు తనిఖీ అధికారులు అరిగిన మరను తొలిచి మూత తీశారు. క్రిస్టల్ మీద 17.3. ఆ మైకు లెక్క ప్రకారం తొమ్మిదితో హెచ్చిస్తే 155.7. అది అగ్నిమాపక బండి వాడే ఫ్రీక్వెన్సీ. మునుపటి యజమాని మైకులోను, రిసీవరులోను క్రిస్టళ్ళు మార్చి, చీటీని అలాగే వదిలేశాడు.

నల్లకళ్ళద్దాలతో తనిఖీ ఆఫీసుకు వచ్చిన నాయుడన్న “అంగడి నాది, తప్పూ నాదే” అని సంతకం చేశాడు. వరండాలో నన్ను అడిగాడు.

“మూత తీసినావా?”

“లేదన్నా. పైన రాసింది చూసి...”

“రాసినోన్ని సూసినావా?”

లోపలికి పోయి నిజం చెబుతానన్నాను. చెయ్యి పట్టి ఆపాడు.

“నువ్వు సెప్తే ఇద్దరం పోతాం. ఆ పెద్దాయన రాడు. పో, ఇంగ మీదన్నా మూతలు తియ్యి.”

లైసెన్సు రద్దయింది. ఆ నెలాఖరుకు అంగడి మూతపడింది. 1991లో ఆయన పోయేదాకా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తరువాత వేరే చోట పాత సెట్లు పరీక్షించే ఉద్యోగమే చేశాను. అంకెలను ఇప్పటికీ నమ్ముతాను. అయితే నా కంటితో లోపల చూసినవాటినే. ఉద్యోగం ముగిసేనాటికి నా చేత్తో మూత తీసినవి 638. పై అంకె, లోపలి అంకె కలవనివి 57. మూత తీయనిది ఒకటి. చనిపోయినవారు ఒకరు.